కుడి చక్రం, ఎడమ చక్రం

ఏటా కోతలయ్యాక మా బండి గోదావరి దాటి వెళ్ళేది. సరుకు వేసుకుని కాదు, ఖాళీగా. రామచంద్రపురంలో దాన్ని చేసిన వడ్రంగి ఉండేవాడు, అతనికి చూపించి బాగుచేయించుకు రావడానికి. నేను కాపురానికి వచ్చిన ఏడే ఈ తంతు చూసి ముక్కు మీద వేలేసుకున్నాను. మా వీధి చివర వడ్రంగి లేడా? అతని దొడ్డి పక్కనే కమ్మరి కొలిమి లేదా? వాళ్ళిద్దరినీ దాటుకుని, ముక్తేశ్వరం రేవుదాకా ఒక పగలంతా తోలుకెళ్ళి, రెండు నావలు జోడించి బల్లలు పరచిన పంటు మీద ఎడ్లనీ బండినీ ఎక్కించి, కోటిపల్లిలో దిగి, అక్కణ్ణించి మళ్ళీ తోలుకెళ్ళాలి. పంటు వాడికివ్వాలి, వడ్రంగికి ధాన్యం కొలవాలి, ఊరికే పోకూడదని ఓ గెల కొబ్బరికాయలు పట్టుకెళ్ళాలి. ఆ నాలుగు రోజుల కిరాయీ గంగలో కలిసినట్టే.

ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట కట్టి, మా వైపు కాలవలు తవ్విన కొత్త రోజులవి. మా ఊరు కొత్తపేటకి దగ్గర. మాకున్న చెక్క పొలం తిండికే సరిపోయేది కాదు. కొబ్బరి తోటల్లో కాయ ఎత్తి సంతకి చేరవేసి మా ఆయన తెచ్చే కిరాయే మా ఆధారం. అందుకని ఆ బండి అంటే ఇంట్లో అందరికీ ప్రాణమే, కాదనను. కానీ ప్రాణమైనదాన్ని ఎవరి చేతిలో పెడుతున్నామో, వాళ్ళేం చేస్తున్నారో తెలుసుకోవద్దా?

మా ఆయన్ని అడిగాను. “ఆ వడ్రంగి ఏం చేస్తాడండీ?”

“బాగుచేస్తాడు.”

“అదే, ఏం చేసి బాగుచేస్తాడు?”

“కందెన పెడతాడు. సుత్తితో నాలుగు దెబ్బలు కొడతాడు. నాకేం తెలుసే? అదంతా దడి అవతల చేస్తాడు. మేం వీధరుగు మీద కూచుంటాం.”

నాకు ఒళ్ళు మండింది. ఆముదంలో గడ్డి మసి కలిపితే కందెన. ఆ ముద్ద మా ఇంట్లో నేనే కలిపేదాన్ని. సుత్తి దెబ్బలకి గోదావరి దాటాలా! ధాన్యం పోసి ఏం కొనుక్కొస్తున్నాడో తెలియని మనిషితో ఇక మాట్లాడి లాభం లేదని అత్తగారి దగ్గర చేరాను. ఆవిడ చింతపండు పిక్కలు తీస్తూ, మామగారు వీధిలోకి వెళ్ళారని రెండుసార్లు చూసుకుని మరీ చెప్పింది.

మా వైపు బండి కుడి చక్రం ఇంటి పెద్దాయనదనీ, ఎడమ చక్రం కొడుకుదనీ అనుకునేవారు. శుక్రవారం కుడి చక్రానికి పసుపు రాసి కుంకుమ బొట్లు పెట్టేవాళ్ళం. ఎడమదానికి ఉత్త పసుపే. రెండింటినీ తారుమారు చేస్తే పోవలసిన వరస కూడా తారుమారవుతుందని, తండ్రి ఉండగానే కొడుకు పోతాడని భయం. మా ఆయనకి ఒక అన్నగారు ఉండేవారట. ఒక వేసవిలో మా ఊరి వడ్రంగి బండి బాగుచేస్తూ, ఎడమది బాగా అరిగిందని రెండు చక్రాలూ అటుదిటూ ఇటుదటూ వేశాడు. ఆ వానాకాలం జ్వరం తగిలి ఆ పిల్లాడు పోయాడు. మామగారూ ఆ వడ్రంగీ చిన్నప్పుడు ఊరి పక్క ఒకే ఏటిపాయలో ఈత నేర్చుకున్నవాళ్ళు. ఆ రోజు నుంచి ఒకరి గుమ్మం ఒకరు తొక్కలేదు. నాగలి పనికి కళ్ళంలో ఇవ్వవలసిన గింజలు కూడా ఎవరో ఒకరి చేత పంపేవారు. బండిని మాత్రం అతని చేతికి ఇవ్వలేదు, గోదావరి దాటించడం మొదలుపెట్టారు.

నేను నవ్వలేదు. నవ్వు ఎలా వస్తుంది? ఇప్పుడు మిగిలిన కొడుకు మా ఆయనే. వరస తప్పితే పోయేవి నా పసుపుకుంకాలు. ఆ శుక్రవారం కుడి ఎడమలు చూసుకుని చూసుకుని బొట్లు పెట్టాను.

తరవాత పెద్ద గాలివాన వచ్చింది. సగం చెట్లకి మొవ్వులు విరిగిపోయాయి. కాయ లేదు, కిరాయి లేదు. ఆ ఏడు రామచంద్రపురం మాట ఎవరూ ఎత్తలేదు. మా ఆయనే కందెన పెట్టుకుని, సుత్తితో తోచిన చోటల్లా కొట్టుకుని నడిపించారు. మరుసటి కోతలకి బండి ఎడమకి లాగడం మొదలుపెట్టింది. ఎడమ చక్రం కల్లు తాగినవాడిలా ఊగుతూ నడిచేది. ఆ పక్క ఎద్దు మెడ మీద కాడి ఒరుసుకుని పుండు పడింది. పుండుకి పసుపూ నూనే రాస్తుంటే దాని కళ్ళ వెంట నీళ్ళు, నా కళ్ళ వెంటా నీళ్ళే.

సంతలో కొబ్బరి కొనే షావుకారు ఒకాయన ఇది కనిపెట్టాడు. ఒకనాడు మా అరుగు మీద కూచుని, “బండి నాకిచ్చెయ్యండి. బాగు నేను చేయించుకుంటాను. తోలడానికి మీ అబ్బాయినే పెట్టుకుంటానండీ, పరాయివాణ్ణెందుకు?” అన్నాడు. ఎంత దయ! మా బండి మీద మా ఆయన జీతగాడు! మామగారు తల వంచుకుని, వారంలో చెబుతామన్నారు. ఆ రోజు మా ఆయన అన్నం సగం వదిలేసి లేచిపోయారు.

నేను ఊరుకోలేకపోయాను. మామగారి ఎదట నిలబడి మాట్లాడే రోజులు కావు కదా, తలుపు చాటు నుంచే అన్నాను. “మావయ్యగారండీ, అమ్మేముందు ఓసారి చేసినాయనకే చూపించొద్దాండీ? ఎంతడుగుతాడో వినొచ్చు. కోటిపల్లిలో స్నానం చేసినట్టూ ఉంటాది, నేనూ వెళ్తానండీ.” స్నానం మాట లేకపోతే పంపేవారు కాదు. నేను దాచుకున్న నెయ్యి కుండ పంటు వాడికిస్తానని చెప్పాక సరేనన్నారు.

రామచంద్రపురంలో వడ్రంగి ఇల్లు పెద్దదే. వీధి వైపు అరుగులు, అరుగుల మీద ఏటికి మా వైపు ఊళ్ళ మగవాళ్ళు, పొగాకు చుట్టలు. మా ఆయన అలవాటు ప్రకారం అక్కడ కూలబడ్డారు. ఆడదాన్ని నన్ను వీధిలో ఎలా కూచోబెడతారు? వడ్రంగి భార్య వచ్చి, “రండమ్మా, ఎండనపడొచ్చేరు” అని పెరట్లోకి తీసుకెళ్ళి పీట వేసి మజ్జిగ ఇచ్చింది. ఆ పెరట్లోంచి చూస్తే దడి అవతలిదంతా కనిపిస్తోంది. ఇన్నేళ్ళుగా మా మగవాళ్ళకి దక్కని చోటు నాకు పీటతో సహా దొరికింది. మజ్జిగ తాగడం మానేసి చూస్తూ కూచున్నాను.

ఎవరిదో అయినవిల్లి వైపు బండి. ఇరుసు కింద మొద్దులు పెట్టి లేపారు. శీలలు ఊడదీసి రెండు చక్రాలూ లాగారు. కుడిదాన్ని దొర్లించుకెళ్ళి ఎడమకి ఎక్కించారు. ఎడమదాన్ని కుడికి. మజ్జిగ చెంబు కింద పెట్టేశాను. తడిగుడ్డతో బొట్లన్నీ శుభ్రంగా తుడిచేశాడు ఆ మహానుభావుడు. “ఏమే” అని ఒక్క కేక వేశాడంతే. ఆవిడ కుంకుమ భరిణె పట్టుకెళ్ళి, కొత్తగా కుడి పక్కకి వచ్చిన చక్రానికి పసుపు పులిమి చకచకా బొట్లు పెట్టేసి, చెయ్యి కడుక్కుని వచ్చి నా పక్కన కూచుంది.

“ఇదేం పనండీ!” అన్నాను.

ఆవిడ తేలిగ్గా నవ్వింది. “మరేం చెయ్యమంటారమ్మా? మీవన్నీ కాలవగట్టు మీద తిరిగే బళ్ళు. బరువుతో వెళ్ళేటప్పుడు గట్టు ఎడమకి వాలుంటాది. వచ్చేటప్పుడు కుడికి వాలినా బండి ఖాళీ. అందుకని ఎడమదే అరుగుతాది. ఏడాదికోసారి మార్చకపోతే నిలవదండి. మారుత్తామంటే మీ మగోళ్ళు ఒప్పుకోరు, కొట్టడానికొత్తారు. అందుకే దడి.”

“మాదీ మార్చేరా?”

“ఆయ్. ఏటా మార్చేవోరే. మార్చినప్పుడల్లా కుండ లోపలి వైపు ఉలితో ఓ గాటు పెడతారండి మా ఆయన, గుర్తుకి.” చక్రం మధ్యన ఇరుసు దూరే మొద్దుని కుండ అంటారు. “ఇంటికెళ్ళి తడిమి చూసుకోండి.”

లేచి దడి సందులోంచి వీధరుగు కేసి చూశాను. మా ఆయన పక్కవాడితో ఏదో చెబుతూ, చుట్ట ముట్టించుకుంటూ, నిక్షేపంలా ఉన్నారు. ఏటేటా వరస తారుమారవుతూనే ఉంది. మనిషి మాత్రం రాయిలా అలాగే ఉన్నాడు! నాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి.

మా బండి సంగతి అడిగితే, ఒక ఏడు మానేశారు కాబట్టి చక్రం చుట్టూ ఉన్న ఇనప పట్టా విప్పి మళ్ళీ బిగించాలి, కుండకి లోపల రేకు వెయ్యాలి అని వడ్రంగి అడిగిన ధాన్యం వినగానే మా ఆయన మొహం మాడిపోయింది. అంత మా గాదెలోనే లేదు. ఖాళీ చేతుల్తో తిరిగొచ్చాం. పంటు మీద ఎడ్ల మెడలు నిమురుతూ నిలబడ్డప్పుడు చెప్పాను నేను చూసింది. మా ఆయన చాలాసేపు చక్రాల వంక చూశారు.

“నాన్నకి చెప్పకు,” అన్నారు చివరికి.

“చెప్పకపోతే బండి పోద్ది కదండీ. మనూళ్ళో చేయించుకుంటే నాలుగో వంతులో అయిపోయే పని. మార్చనివ్వరనే కదా ఇంత దూరం!”

“ఆయన తట్టుకోలేరే.”

“జీతానికి మీరు బండి తోలుతుంటే తట్టుకుంటారా?” అన్నాను.

ఇంటికి వచ్చాక తలుపు చాటు నుంచి మొత్తం చెప్పేశాను, బొట్లు తుడవడం దగ్గర్నుంచి. మామగారు మొదట కేకలేశారు. ఆడదాని మాట పట్టుకుని ఇంటి మీదకి తెస్తారా అన్నారు. ఆ వడ్రంగి మోసగాడన్నారు. నేను అబద్ధాలకోరునన్నారు. నాకూ కోపం వచ్చింది. “అబద్ధమైతే గాట్లుండవు కదండీ, తడిమి చూసుకోండి” అన్నాను. అత్తగారు నన్ను గిల్లింది.

ఆయన పైపంచె తీసి అరుగు మీద పడేసి, ఆ వయసులో బండి కిందకి దూరారు. కాళ్ళు మాత్రం బయటకి కనిపిస్తున్నాయి. మా ఆయన వంగి, “నాన్నా” అన్నారు.

“ఉన్నాయిరా,” అన్నారు లోపల్నుంచి. ఇంకాసేపటికి, “ఇంతకీ ఇప్పుడు కుడి పక్కనున్నది ఎవరిదిరా?” అని అడిగారు. ఎవరికి తెలుసు? ఏటేటా మారుతూ వచ్చాక అది తండ్రిదో కొడుకుదో చెప్పగలిగేవాళ్ళు ఎవరూ లేరు.

బయటకి వచ్చేసరికి నుదుటికి, చెంపలకి కందెన. తుడుచుకోలేదు. పైపంచె కూడా వేసుకోకుండా వీధి చివరికి నడిచారు. బిందె ఒకటి చంకన పెట్టుకుని నేనూ వెనకాలే వెళ్ళాను, బావి ఆ పక్కనే కదా. వడ్రంగి నాగటి కర్ర చెక్కుతున్నవాడు మామగారిని గుమ్మంలో చూసి బాడిస కింద పెట్టి లేచి నిలబడ్డాడు. ఇద్దరూ ముసలివాళ్ళయిపోయారు.

“బండి చక్రాలు మార్చాలి,” అన్నారు మామగారు.

“మార్చమంటున్నది మీరేనాండీ?”

“నేనే.”

“ఆయ్,” అన్నాడు వడ్రంగి. సంచీ భుజాన వేసుకుని వెనకే వచ్చాడు.

ఆ సాయంత్రం చక్రాలు ఊడదీశారు. మర్నాడు కమ్మరి పట్టా కాల్చి బిగించాడు. వడ్రంగి కుండలో రేకు చుట్టాడు. ఎక్కించేటప్పుడు మామగారు మా ఆయన్ని దూరంగా నిలబడమని, ఒక చక్రం తనే పట్టుకుని ఎడమకి దొర్లించారు. కూలి పంటకి చూసుకుందాంలెండి అన్నాడు వడ్రంగి. రామచంద్రపురంలో అడిగినదాని పక్కన పెడితే అది ఏ మూలకి? బండి మళ్ళీ నిటారుగా నడిచింది. వారానికి షావుకారు వచ్చినప్పుడు మా ఆయన ఎడ్లు కడుతూనే, “మా బండి మేమే తోలుకుంటామండీ” అన్నారు. లోపల వింటున్న నాకు ఎగిరి గంతేయాలనిపించింది.

బండి కొత్తపేట వైపు వెళ్ళిపోయాక మామగారు అరుగు మీద ఒక్కరే కూచున్నారు. మజ్జిగ తీసుకెళ్ళి తలుపు దగ్గర పెట్టాను. ఆయన నా వైపు తిరగలేదు. వీధి చివర బాడిస చప్పుడు వినిపిస్తోంది.

“పెద్దాడు ఎందుకు పోయేడో తెలీక, ఇన్నేళ్ళూ ఆ వడ్రంగోడి మీద తప్పు పెట్టుకుని బతికేనమ్మా,” అన్నారు. “ఇప్పుడు ఎవరి మీద పెట్టుకోను?”