నీళ్లు ఎటు పోతున్నాయి

కృష్ణప్రియ ట్యాంకు మూత తిప్పి లోపలికి చూసింది. ఇంజన్‌ను చల్లబరిచే కూలెంట్ మళ్లీ తగ్గింది. పోయిన ఆదివారం ఎంత తగ్గిందో ఇప్పుడూ అంతే, ఓ గ్లాసెడు. ఇంజన్ కింద పరిచిన తెల్ల అట్టల మీద చుక్క తడి లేదు. గొట్టాలు కలిసే చోటల్లా చుట్టిన టిష్యూ కాగితాలను ఒక్కొక్కటే విప్పి చూసింది. ఒక్కటీ తడవలేదు.

"ఎటు పోతున్నయ్ గీ నీళ్లు?" అని ఇంజన్నే అడిగింది.

గడప దగ్గర కూర్చుని చిక్కుడుకాయలు తుంచుతున్న అత్త భాగ్యమ్మ తలెత్తింది. "దానికి దూప అయితున్నదేమో బిడ్డా. అదే తాగుతున్నది."

కోడల్ని నవ్వించాలనే అంది. కృష్ణప్రియకు నవ్వు రాలేదు.

ఆ షెడ్డు ఒకప్పుడు భాగ్యమ్మ బర్రెల కొట్టం. నల్లగండ్ల చుట్టూ అపార్టుమెంట్లు లేచాక బర్రెలు పోయాయి, కొట్టం మిగిలింది. ఇప్పుడందులో రెక్కలు తగిలించని విమానం ఉంది, ఇద్దరు మాత్రమే పట్టేది. బెంగళూరులో ఒకాయన దాన్ని ఇంట్లోనే కట్టడం మొదలుపెట్టి, సగంలో విసిగి అమ్మకానికి పెడితే, కృష్ణప్రియ, ఆమె ఆఫీసులో పనిచేసే ఆరోన్ కలిసి కొని లారీ మీద తెప్పించారు.

కృష్ణప్రియ తండ్రి బాలానగర్‌లో ఫిట్టరు. ఆమె మెకానికల్ డిప్లొమా చదివి కొన్నాళ్లు అక్కడే ఓ కంపెనీలో డ్రాయింగులు గీసింది. తర్వాత ఆ రోజుల్లో అందరూ చేసినట్టే టెస్టింగ్ కోర్సు చేసి హైటెక్ సిటీలో చేరింది. ఎవరో రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు పట్టడమే అప్పటినుంచీ ఆమె పని. తప్పు చూపిస్తే "నా సిస్టమ్‌లో బాగానే వస్తోందండీ" అనేవాళ్లతో రోజంతా వాదించి ఇంటికొచ్చేసరికి, ఇనుమును పట్టుకోవాలని ఆమె చేతులకు అనిపించేది. చిన్నప్పుడు దుండిగల్ వైపు నుంచి శిక్షణ విమానాలు ఇంటి మీదుగా తిరుగుతుంటే మిగతా పిల్లలు చేతులూపేవారు. ఆమె మాత్రం అవి గాలిలో ఎలా నిలబడుతున్నాయని తండ్రిని విసిగించేది.

చుట్టాలు ఎకసెక్కాలాడితే, పెయింట్ల దుకాణం నడిపే భర్త ఓంకార్ ఒక్కటే మాట అనేవాడు. "కొందరు ప్లాట్లు కొంటరు, కొందరు బంగారం కొంటరు. మా ఆమె విమానం కొన్నది. ఏమైతది?" షెడ్డులోకి మాత్రం పెద్దగా వచ్చేవాడు కాదు.

విమానంతోపాటు వచ్చిన ఇంజన్ పాత జపాన్ కారుది. అది రోటరీ ఇంజన్. పైకీ కిందికీ కొట్టుకునే పిస్టన్లు అందులో ఉండవు. మూడు మూలల రోటర్లు గుండ్రంగా తిరుగుతుంటాయి. తేలిగ్గా ఉంటుంది, వణుకు తక్కువ. అందుకే సొంతంగా విమానం కట్టుకునేవాళ్లలో కొందరికి అదంటే మోజు. దాని కూర్పు టిఫిన్ క్యారియర్‌ లాంటిది. ఇనుప పలక, దాని మీద రోటర్ తిరిగే గది, మళ్లీ పలక, మళ్లీ గది; ఇలా పేర్చి, అన్నిటినీ కలిపి పొడుగాటి బోల్టులతో బిగిస్తారు. ప్రతి అతుకులోనూ సన్నటి గాడి, ఆ గాడిలో రబ్బరు రింగు ఉంటాయి. రింగుకు ఇటు మంట, అటు నీళ్లు. కొత్త రింగులన్నీ ఆరోన్ స్వయంగా పెట్టాడు. పెట్టిన రోజున ఫొటోలు తీసి ఆఫీసంతా చూపించాడు కూడా.

ఆరోన్‌ది చీరాల. వయసులో ఆమెకంటే బాగా చిన్న. చురుకైనవాడే గానీ, ఒక పని తేలకుండా ఉంటే కుదురుగా కూర్చోలేడు. మొదట మూత పాడైందన్నాడు. మూత మార్చారు. తర్వాత పంపు అన్నాడు. పంపు విప్పి సీలు మార్చారు. రెండుసార్లూ నీళ్లు తగ్గాయి. పక్క అపార్టుమెంటువాళ్లు గోల చేయడంతో, ఆదివారం టిఫిన్లయ్యాక, వంటలు మొదలుకాకముందే ఇంజన్ నడపాలని ఒప్పందమైంది. దాంతో ఒక్కో ఊహకూ ఒక్కో వారం ఖర్చయ్యేది. చూడవచ్చిన ప్రతివాడూ ఓ సలహా ఇచ్చేవాడు. ఇచ్చేముందు "సార్ లేరా?" అని అడిగేవాడు.

ఓ ఆదివారం ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు ఆమె చేతిపంపుతో ట్యాంకులోకి గాలి కొట్టి, మీటరు ముల్లు చూస్తూ కూర్చుంది. ముల్లు మెల్లగా దిగింది. బయట ఎక్కడా చెమ్మ లేదు. స్టార్ట్ చేయగానే గొట్టంలోంచి తెల్లటి పొగ ఒక్క విసురు వచ్చి, కూలెంట్ కాలిన తియ్యటి వాసన వేసింది. వెనక రోటర్ స్పార్క్ ప్లగ్గు విప్పితే తడిగా ఉంది.

"బయటికి కాదు ఆరోన్. లోపటికి కారుతున్నయ్ నీళ్లు. ఇంజన్ విప్పాలె," అంది.

ఆరోన్ ముఖం మాడిపోయింది. "విప్పితే క్రిస్మస్‌కి కూడా తేలదక్కా. ఇంకోసారి టెస్ట్ చేద్దాం. మీటరే తప్పు చూపిస్తుందేమో."

ఆమెకూ విప్పాలని లేదు. సరేనంది.

మరుసటి ఆదివారం ముల్లు దిగలేదు. ఆమె కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూసింది. ఎక్కడిది అక్కడే నిలబడింది. లింగంపల్లిలో కార్ల షెడ్డువాళ్లనడిగి నీలం మందు తెచ్చింది. మంటలోని గ్యాస్ నీళ్లలోకి చేరుతుంటే ఆ మందు పసుపు రంగుకు తిరగాలి. అది నీలంగానే ఉండిపోయింది. తెల్లపొగ లేదు, ప్లగ్గు పొడిగా ఉంది.

"చూశారా, నే చెప్పలా?" అన్నాడు ఆరోన్.

సంతోషించాల్సింది పోయి కృష్ణప్రియకు ఒళ్లు మండిపోయింది. తానేమీ చేయకుండానే మాయమైన తప్పు తప్పకుండా తిరిగొస్తుందని ఆమె ఉద్యోగం ఆమెకు నేర్పింది. ఆ వారమంతా అన్నం ముందు కూర్చుని కూడా ముల్లు గురించే ఆలోచించింది. "నీకు పరేషాన్ కావాలె, లేకుంటే తోచదు," అని ఓంకార్ అంటే కంచం ముందునుంచి లేచి వెళ్లిపోయింది.

ఆ తర్వాతి ఆదివారాల్లో కొత్త రోగం మొదలైంది. అంతకుముందు ఎన్నడూ లేనిది, ఇంజన్ వేడెక్కసాగింది. రేడియేటర్ పైభాగం చెయ్యి కాలేంత వేడి, అడుగుభాగం చల్లన. ఆమె కింది గొట్టం విప్పింది. పచ్చటి కూలెంట్ రావాల్సిన చోట గోధుమరంగు బురద ముద్దముద్దగా జారింది. వేళ్లతో నలిపి చూస్తే ఇసుకలా తగిలింది.

"ఆరోన్, గిదేంది?"

అతను బురద వైపు చూడకుండా చేతులు తుడుచుకోసాగాడు.

"నిన్నే అడుగుతున్న."

"లీకులు ఆపే పొడి అక్కా. కార్ల రేడియేటర్లలో పోస్తుంటారు కదా..."

"ఎప్పుడు పోసినవ్?"

"మీటరు ముల్లు దిగిన వారం. మీరు ఆఫీసులో ఉన్నప్పుడు వచ్చి పోశాను."

కృష్ణప్రియ చేతిలోని గొట్టాన్ని నేలకేసి కొట్టింది. "అంటే ముల్లు నిలబడ్డది అబద్ధం. నీలం మందు అబద్ధం. నా కండ్లే ఖరాబైనయనుకున్న గదరా! పిచ్చిదాని లెక్క ఒక్కటే మీటరును పదిసార్లు చూసుకుంట కూసున్న. నువ్వేమో పక్కన నిలబడి 'నే చెప్పలా' అంటివి."

"రింగులు పెట్టింది నేనే కదక్కా. విప్పితే నా తప్పే బయటపడిద్దేమోనని..."

"ఇదే పొడి మీదికి ఎగిరినంక ఊడిపోతే? ఇంజన్ ఆడ ఆగిపోతే? పక్కకు ఆపుకొని మెకానిక్‌ను పిలుస్తవా?" ఆమె గేటు వైపు చెయ్యి చూపించింది. "ఇంటికి పో. నీ ముఖం చూడబుద్ధి అయితలేదు నాకు."

అతను వెళ్లిపోయాడు. ఆ వారం ఆఫీసు క్యాంటీన్లో ఎదురుపడినా ఇద్దరూ తల తిప్పుకున్నారు. ఆరోన్ భార్య జాయ్స్ ఫోన్ చేసి, "మా ఆయన సరిగ్గా అన్నం కూడా తినడం లేదండీ," అంది. "తినకపోతే మాననియ్యి," అని పెట్టేసి, అంత మాట అన్నందుకు కృష్ణప్రియ ఇంకాస్త చిరాకు పడింది.

ఆదివారం ఆమె ఒక్కతే పానాలు సర్దుకుంటుంటే భాగ్యమ్మ వచ్చింది. "ప్రియా, ఆ పిలగాడు పొద్దుటిసంది గేటుకాడ నిలబడ్డడు. తిడితే తిట్టినవ్ గని, ఎండల నిలబెట్టుడేంది? లోపటికి రమ్మను."

కృష్ణప్రియ వెనక్కి తిరక్కుండానే అరిచింది. "రా ఇగ. పెద్ద బోల్టులు నువ్వు విప్పు. నాతోని కాదు."

మధ్యాహ్నం దాకా పనికి సంబంధించిన మాట తప్ప ఇంకోటి లేదు. వెనక పలక ఊడదీసి బల్ల మీద వెల్లకిలా పెట్టారు. గాడిలోని రింగు ఒకచోట నల్లగా కమిలి అతుక్కుపోయి ఉంది. కృష్ణప్రియ రింగు లాగేసి, ఆ చోటును చెక్కపుల్లతో గీకింది. ఇనుము గీస్తే రాలకూడదు. అది రాలింది. బూడిదరంగు బంక పెచ్చుగా లేచి వచ్చింది, దాని వెనక గాడి గట్టు బొటనవేలి గోరంత మేర లేనే లేదు. ఎప్పుడో తుప్పు తినేస్తే బంకతో పూడ్చి, ఇనుములో కలిసిపోయేలా నునుపు చేశారు. దాని మీద ఎవరు ఎంత కొత్త రింగు పెట్టినా నిలిచేది కాదు.

"నా రింగు కాదక్కా!" అనేశాడు ఆరోన్. వెంటనే తలదించుకున్నాడు.

ఆమె బెంగళూరాయనకు ఫోన్ చేసింది. "నా దగ్గరున్నప్పుడు ఒక్క చుక్క కారలేదే," అన్నాడాయన హిందీలో, ఎంతో మర్యాదగా. ఆఫీసులో రోజూ వినే మాటే. మళ్లీ చేస్తే ఎత్తలేదు. ఇన్ని నెలల కోపం ఎవరి మీద దింపుకోవాలో ఆమెకు అర్థం కాలేదు. ఎదురుగా ఉన్నవాడు తప్పు చేశాడు గానీ ఈ తప్పు చేయలేదు. చేసినవాడు ఫోన్ ఎత్తడు.

పలకను బాలానగర్ తీసుకెళ్లింది. తండ్రి స్నేహితుడు రాజయ్య వేలితో గాడిని తడిమి, పలక తిరిగి ఇచ్చేశాడు. "కారుకైతే అతికిస్త బిడ్డా. గాలిల పోయేదానికి నేను చెయ్య."

వేరే పలక కోసం వాకబు చేయగా చేయగా, కోయంబత్తూరులో అలాంటి ఇంజన్‌నే విప్పి పక్కన పడేసిన ఒకాయన దొరికాడు. పలక వచ్చేసరికి వానాకాలం అయిపోయింది. పొడి పట్టిన రేడియేటర్‌ను కడిగి కడిగి, లాభం లేదని ఆరోనే కొత్తది తెచ్చాడు. ఈసారి ఒక్కో రింగు పెట్టి, "చూడండక్కా," అని ఆగేవాడు. ఆమె చూసి సరేనన్నాకే ఇంకోటి పెట్టేవాడు. ప్రతిదానికీ అలా ఆగుతుంటే ఆమెకు అదీ విసుగే. కానీ వద్దనలేదు.

ఇంజన్ మళ్లీ నడిచిన ఆదివారం నీళ్లు తగ్గలేదు. ఆరోన్ ఫోన్ తీసి జాయ్స్‌కు చెప్పబోతుంటే, "ఆగు. ఇంకా నమ్మకు," అంది. ఆ తర్వాతి ఆదివారమూ తగ్గలేదు. నీలం మందు తెచ్చి చూసింది, గాలి కొట్టి ముల్లు చూసింది, ప్లగ్గులు విప్పి వేళ్లతో తడిమింది. ఎక్కడా వంక దొరకలేదు. దొరకనందుకు కాసేపు చికాకు పడింది కూడా. రెక్కలు తగిలించాలి, అనుమతుల కాగితాలు ఢిల్లీనుంచి రావాలి. ఎగరడం మాట ఇప్పట్లో లేదు.

మధ్యాహ్నం ఇంట్లోకి వెళ్లి ఓంకార్‌తో, "ఇగ కారుతలేదు," అంది.

"మంచిదే గదా. గట్ల చెప్తవేంది, ఎవలో పోయినట్టు?"

ఆమె చేతులు కడుక్కుని, అన్నం కూడా తినకుండా మంచం మీద వాలింది. ఫ్యాన్ వేయమని అనబోతూనే నిద్రలోకి జారిపోయింది.