బొమ్మ గెలిచే ఆట

మా బడిలో ఆవిణ్ణి అసలు పేరుతో పిలిచేవాళ్లు లేరు. పిల్లలకే కాదు, మాకూ గంతుల టీచరే. మధ్యాహ్నం భోజనాలయ్యాక మూడో తరగతి పిల్లలు బల్లల మీదికి వాలిపోతుంటే, ఆవిడ చాక్‌పీసు పక్కన పడేసి "లేవండి నిద్రమొహాల్లారా!" అని అరిచేది. ఇక రెండు నిమిషాలు ఎగరడం, చప్పట్లు, గిరగిరా తిరగడం. పక్క గదిలో భాగహారం చెప్పుకునే నాకు ఆ గోలకి ఒళ్లు మండేది. వెళ్లి అడిగితే, "మీ కుంభకర్ణులక్కూడా ఓ ఆట పెట్టనా మాస్టారూ?" అని నవ్వేది. ఒకటి మాత్రం ఒప్పుకోవాలి. ఆట అయ్యాక ఆ పిల్లలు పాఠం వినే తీరు నా క్లాసులో ఏనాడూ చూడలేదు. ఆవలిస్తే పేగులు లెక్కపెట్టే మనిషని ఆవిడకి పేరు.

ఆటలన్నిటిలోకీ పిల్లలకి స్టాచ్యూ అంటే ప్రాణం. ఆయాసం వచ్చేదాకా ఎగరాలి. టీచరు "స్టాచ్యూ" అనగానే ఎక్కడివాళ్లు అక్కడ బిగుసుకుపోవాలి. కదిలినా, నవ్వినా అవుట్. అవుటైనవాళ్లు మిగతావాళ్ల ముందు కోతిచేష్టలు చేసి నవ్వించొచ్చు. ఇందులో తరచూ ఒకే పిల్ల గెలిచేది. టైలరుగారి రెండో కూతురు. చదువులో వెనకబెంచీ, పరుగులో ఆఖరు, పాడమంటే నోరు పెగలదు. స్టాచ్యూలో మాత్రం కళ్లముందు చెయ్యి ఆడించినా చూపు తిప్పేది కాదు. పిల్లలు 'బొమ్మ' అని పేరు పెట్టేశారు. టీచరు అట్టకిరీటం చేసి పెడితే, ఆ పిల్ల ఇంటికెళ్లి అది తియ్యకుండానే అన్నం తినేదట.

ఒకరోజు ఆట ముగిసి, "రిలీజ్" అనగానే అందరూ కూర్చున్నారు. బొమ్మ నిలబడే ఉంది. పిల్లలు చప్పట్లు కొట్టారు. టీచరూ కొట్టింది.

"చాల్లేవే తల్లీ, గెలిచావు. ఇంక కూర్చో."

ఎగిరేటప్పుడు కూడా వదలని మంచినీళ్ల సీసా ఆ పిల్ల చేతిలోంచి జారి, మూత ఊడి, నీళ్లు పాదాల మీదుగా పారాయి. అయినా కదల్లేదు. పక్కగదిలో గోల ఒక్కసారిగా ఆగిపోయేసరికి నాకు భయమేసి వెళ్లాను. టీచరు మోకాళ్ల మీద కూర్చుని ఆ పిల్ల మొహంలోకి చూస్తోంది. కాసేపటికి పిల్ల రెప్పలల్లార్చి, "అయిపోయిందా టీచర్? నేనే గెలిచానా?" అంది.

అది మూర్ఛలో ఒక రకమని డాక్టరు చెప్పారు. కిందపడరట, కొట్టుకోరట. కొన్ని క్షణాలు మనిషి ఉన్నచోటే ఉంటుంది, తెలివి మాత్రం ఉండదు. ఆయాసపడినప్పుడు ఎక్కువగా వస్తుందట.

బడికొచ్చిన తల్లి కళ్లు తుడుచుకుంటూ, "పరధ్యానమనుకుని ఇంట్లో మొట్టికాయలు వేశాం టీచర్" అంది.

"మీరు మొట్టారమ్మా. నేను చప్పట్లు కొట్టించాను" అంది టీచరు.

ఆ తర్వాత ఆ గదిలో ఆటలు లేవు. నేను కోరుకున్న నిశ్శబ్దమే, కానీ భరించలేకపోయాను. "మీరు కావాలని చేశారా ఏంటండీ?" అంటే ఆవిడ నల్లబల్ల వైపు తిరిగి పాఠం రాసుకుంటూ పోయేది. ఆవలించే పిల్లలు ఆవలిస్తూనే ఉండేవాళ్లు.

మందు పనిచేసింది. ఆడుకోవచ్చని డాక్టరు చెప్పారని బొమ్మే వచ్చి, ఆట పెట్టమని టీచరు కొంగు పట్టుకుంది. ఆవిడ నన్ను కూడా వచ్చి నిలబడమంది. "స్టాచ్యూ" అంది. ఆవిడ కళ్లు బొమ్మను వదల్లేదు. ముందుబెంచీ పిల్లాడొకడు పెదాలు సాగదీసి కోతిమొహం పెట్టాడో లేదో, బొమ్మ కిసుక్కున నవ్వేసింది. అందరికంటే ముందు అవుట్.

టీచరు పరుగున వెళ్లి దాన్ని గుండెకి హత్తుకుంది. నవ్వుతోందో ఏడుస్తోందో ఆవిడకే తెలియదు. నాకూ కళ్లు తడిశాయి, దాచుకోవడమెందుకు.

పిల్ల మాత్రం మొహం ముడుచుకుంది. టీచరు చెవి దగ్గర నోరు పెట్టి మెల్లిగా అడిగింది.

"మందు మానేస్తే మళ్లీ గెలుస్తానా టీచర్?"