రూతు ముసుగు లాగేశారు

ఈ పరాయి దేశపు సూర్ ఊళ్లో మా ఇంట్లో ప్రతి శుక్రవారం ఇరుగుపొరుగు తెలుగు పిల్లలకు ఒక దేశం గురించి చెబుతాను. ఈ రోజు మెక్సికో వంతు. ఓడలో పనిచేసే మా తమ్ముడు అక్కడి ముసుగు వస్తాదుల బొమ్మల కార్డులు పంపాడు. ఆ వస్తాదులకు ముసుగే పేరు, ముసుగే పరువు అని చెప్పి, పాత దిండు గలీబులతో నలుగురు పిల్లలకూ ముసుగులు కుట్టిచ్చాను. వాళ్ల కుస్తీ నియమాలు రాసి గోడకు అంటించాను.

ఆసుపత్రిలో నర్సుగా చేసే మరియమ్మ కూతురు రూతుకు ఎనిమిదేళ్లు. నత్తి ఉండడంతో నలుగురిలో నోరు విప్పదు. అలాంటిది ముసుగు వేసుకోగానే "నేను నీలి పులిని! ఎవరొస్తారో రండి!" అని ఎక్కడా తడబడకుండా అరిచింది.

సరిగ్గా అప్పుడే పిల్లను తీసుకెళ్లడానికి వచ్చిన వాళ్ల నాన్న, "ఈ దొంగెవరో చూద్దాం" అంటూ ముసుగు లాగేశాడు. తాడు తెగింది. పిల్ల బిక్కచచ్చిపోయింది.

"మెక్సికోలో ముసుగు లాగడమంటే పరువు తీయడమండీ!" అన్నాను.

"భలేవారే అక్కగారూ! ఇంత పిల్లకి పరువేంటండీ?" అని నవ్వాడు.

నాకు ఒళ్లు మండిపోయింది. నేను ఏదో అనేలోపే రూతు గోడ మీది మూడో నియమం చూపించింది. ఎదుటివారి ముసుగు లాగినవాళ్లు ఓడిపోయినట్టే.

"నా... నాన్నా, నువ్వు ఓ... ఓడిపోయావు."

ఆయన నవ్వు ఆగింది కానీ, తప్పయిందని మాత్రం నోట రాలేదు.

ముసుగు తాడుకు ఇప్పుడే రెండు వరసల కుట్టు వేశాను. వచ్చే శుక్రవారం ఆయన గుమ్మం బయటే నిలబడాలి. ఇది ఎక్కువంటారా? నాకైతే తక్కువే అనిపిస్తోంది.