వీడియోలో నాగవేణి టీచర్ ఆగిన చోటు

నేను రోజూ బడికి వెళ్ళే బస్సు, బస్టాండులో దాని పేరు రాసిన బోర్డు దగ్గర ఎప్పుడూ ఆగదు. ఎక్కడ ఆపాలో చివరి నిమిషం దాకా డ్రైవరుకు కూడా తెలియదని నా అనుమానం. ఒకసారి కండక్టరుతో ఈ మాటే అంటే, "రోజూ ఎక్కుతనే ఉన్నరు గద సార్" అన్నాడు. నిజమే, ఎక్కుతూనే ఉన్నాను.

బోర్డు ఉన్న బస్సునే పూర్తిగా నమ్మనివాణ్ణి, బోర్డు కూడా లేని దయ్యాలను నమ్మే ప్రశ్నే లేదు. ఇప్పటికీ నమ్మను. అయినా ఇది రాస్తున్నాను.

యాపలదిన్ని దగ్గర ఒక ఊరి హైస్కూల్లో సోషల్ చెబుతాను. నిరుడు ఎండాకాలంలో మా లెక్కల టీచర్ నాగవేణి గారు జబ్బు చేసి పోయారు. ఆ చోటుకు ఇంకా ఎవరూ రాలేదు. తొమ్మిదో తరగతి లెక్కలు నా పాలబడ్డాయి. నేనే లెక్కల పాలబడ్డాననడం ఇంకా సరైన మాట.

అదృష్టం ఏమిటంటే ఆమె పాఠాలన్నీ వీడియోలుగా ఉన్నాయి. మిరపకాయలు తెంపే కాలంలో మా బడి సగం చేన్లలో ఉంటుంది. ఆ పిల్లలు సాయంత్రం ఫోనులో చూసుకోవాలని, ఇంట్లో లాప్‌టాప్ మీద లెక్క చేస్తూ ఆ తెరనే రికార్డు చేసేవారు. మనిషి కనబడదు. తెల్లటి తెర, అంకెలు, కదిలే బాణం గుర్తు, ఆమె గొంతు. వెనక కుక్కరు కూత. ఆమె దేన్నీ కత్తిరించేవారు కాదు.

ప్రతి మెట్టు దగ్గరా "అడుగుండ్రి" అని ఆగేవారు. బాణాన్ని ఒక అంకె చుట్టూ గిరగిరా తిప్పుతూ కాసేపు ఊరుకునేవారు. తర్వాత నిజంగా ఎవరో అడిగినట్టే "మంచిగడిగినవ్" అని ముందుకు సాగేవారు. మా పిల్లలకు ప్రశ్న అడగాలంటే భయం. అడిగితే ఎవరూ తిట్టరని వాళ్ళకు అలవాటు కావాలని అలా చేసేవారు.

ఆ వీడియోలనే నేను క్లాసులో లాప్‌టాప్ మీద పెట్టి, స్పీకరు తగిలించి చూపించేవాణ్ణి. పిల్లలు ఆ ఆగడాన్ని ఆటగా మార్చారు. ఆ మౌనంలో మల్లేశు అనే కుర్రాడు లేచి, "టీచరమ్మా, ఈ పొద్దు బువ్వలకు పప్పా, సాంబారా?" అనేవాడు.

"మంచిగడిగినవ్. రెండు దిక్కుల నుంచి ఎక్స్ తీసెయ్యి" అనేది వీడియో.

"టీచరమ్మా, మా సారుకు లెక్కలొస్తయా?"

"మంచిగడిగినవ్. జవాబు సున్నా వస్తది."

పోయిన మనిషితో పరాచికాలా అని మొదట కసరబోయాను. గదిలో అందరూ నవ్వుతున్నారు. ఆమె ఉన్నప్పుడూ ఈ పీరియడులో ఇలాగే నవ్వేవారు. ఊరుకున్నాను.

నవ్వనిది ఒక్క భూమిక. నాగవేణి గారి కూతురు. వీడియో మొదలు కాగానే నీళ్ళ సీసా పట్టుకుని బయటికి పోయేది. వరండా స్తంభం దగ్గర, మాకు వీపు చూపించి, గంట కొట్టేదాకా నిలబడేది. నేను పిలవలేదు. ఏమని పిలవాలి?

ఒక పొద్దున భూమిక అమ్మమ్మ బడికి వచ్చింది. తండ్రి ముందే లేడు, పిల్లను సాకేది ఆమే.

"రోజూ తల్లి గొంతు ఇనబడ్తుంటె పిల్ల ఏం సదువుతది సారూ? బువ్వ సుత సరిగ తింటలేదు. చిక్కసూగూరుల నా కొడుకింటికి తోలి ఆడి బడిల ఏస్త. టీసీ ఇప్పియ్యి."

"వీడియోలు ఆపేస్తానమ్మా, పిల్లను ఉంచండి" అన్నాను.

"ఆపితె మిగిలిన పిల్లలకు లెక్కలు నువ్వు చెప్తవా?"

హెడ్మాస్టరు మధ్యాహ్నం వస్తారని చెప్పి ఆమెను వరండాలో బెంచీ మీద కూర్చోబెట్టి క్లాసుకు వెళ్ళాను.

ఆ రోజు సమీకరణాలు. భూమిక ఎప్పటిలాగే బయటికి పోయింది. కాసేపటికి వీడియోలో "అడుగుండ్రి" అని వినబడింది. బాణం తిరగడం మొదలైంది. మల్లేశు నోరు తెరవబోయాడు.

గుమ్మం దగ్గరి నుంచి భూమిక గొంతు. "అమ్మా. నాకు సమజ్ కాలే."

బాణం ఆగిపోయింది. ఆ అంకెను వదిలి మెల్లగా తెర అంచుకు, తలుపు ఉన్న దిక్కుకు వచ్చి నిలబడింది. స్పీకరులో కుక్కరు సన్నగా బుసకొడుతోంది.

"బయట నిలబడితె ఎట్ల సమజ్ అయితది బిడ్డా? లోపట్కొచ్చి కూసో. కూసున్నంక మల్ల మొదట్నుంచి చెప్త."

భూమిక వచ్చి ముందు బెంచీ చివర కూర్చుంది. బాణం లెక్క మొదటి వరుసకు పోయింది. నాగవేణి గారి గొంతు నిదానంగా, ఒక్కో మెట్టూ మళ్ళీ చెప్పింది. భూమిక రాసుకుంది. చున్నీతో ముక్కు తుడుచుకుంటూ రాసుకుంది.

గంట కొట్టాక స్టాఫ్ రూములో తలుపు వేసుకుని అదే వీడియో పెట్టాను. "అడుగుండ్రి." బాణం అంకె చుట్టూనే తిరిగింది. "మంచిగడిగినవ్." పాఠం ముందుకు పోయింది. నాగవేణి గారు బడిలో ఉంచిన పెన్‌డ్రైవులో ఉన్నదీ చూశాను. పిల్లల ఇళ్ళలో ఫోనుల్లో ఉన్నవి తర్వాత తెప్పించి చూశాను. అన్నీ అంతే. మొదటినుంచి మళ్ళీ చెప్పడం ఎందులోనూ లేదు.

వెనక బెంచీ పిల్లలెవరైనా గొంతు అనుకరించారా అని మల్లేశును నిలదీశాను. వాడు నావైపు జాలిగా చూశాడు. "స్పీకరు నా పక్కనే ఉండె సార్. మీరు గూడ ఇన్నరు. మీ చేతుల చాక్‌పీసు కింద పడ్డది."

పడింది. ఏం జరిగిందో నాకు ఇప్పటికీ తెలియదు. నచ్చజెప్పుకోవడానికి చాలా కారణాలు వెతికాను. ఏ ఒక్కటీ ఆ బాణాన్ని తలుపు దాకా తీసుకురాలేదు.

మధ్యాహ్నం వరండాలో అమ్మమ్మ పక్కన కూర్చుని జరిగింది జరిగినట్టు చెప్పాను. మళ్ళీ వేసి చూస్తే వీడియోలో ఆ మాటలు లేవని, పెన్‌డ్రైవు కూడా చూశానని, బహుశా లాప్‌టాప్‌లో ఏదో లోపం అయి ఉంటుందని కూడా అన్నాను. ఆమె అంతా విన్నది. కొంగుతో మొహం తుడుచుకుంది.

"మిషిన్ల ఏముందో నాకెందుకు సారూ? పిల్ల లోపట్కొచ్చి కూసుందా లేదా, గది చెప్పు."