బావ గోలులో నిలబడ్డ సీజన్లు

మొన్న మనవడు ఫోనులో ఏదో ఫుట్‌బాల్ లీగు పట్టిక చూస్తూ, మీ జట్టు ఏ ఏడు ఎన్నో స్థానంలో ఉండేదని అడిగాడు. అరవైల చివర్లో బొబ్బిలి, పార్వతీపురం, గరివిడి, విజయనగరం కుర్రవాళ్ళం మాలో మేము నడుపుకున్న లీగుకు పట్టిక ఎవరు రాశారు కనుక? నాకు మాత్రం ప్రతి సీజనూ మా బావ చేతులను బట్టే గుర్తు.

బావ, అంటే మా అక్క భర్త, బొబ్బిలిలో వీణలు చేసేవాడు; మా జట్టుకు గోల్‌కీపరు. మొదటి ఏడు మేము అందరికంటే అడుగున మిగిలాము. రెండో ఏడు, పనస దుంగలు తొలిచి తొలిచి గట్టిపడ్డ ఆ చేతులకు బంతి అతుక్కుపోవడం మొదలయ్యాక, మధ్యకు ఎగబాకాము. మూడో ఏడు విజయనగరంలో ఆఖరి ఆట గెలిస్తే మేమే ఫస్టు. ఆట ముగియబోతుండగా దూసుకొచ్చిన బంతిని బావ ఆపాడు గాని, అవతలి ఆటగాడి బూటు కింద ఆయన కుడిచేతి చూపుడువేలు నలిగిపోయింది. ఆ తర్వాతి బంతి ఆ చేతిలోంచే జారి గోలైంది. రెండో స్థానంతో రైలెక్కాము.

వేలు వంకరగానే అతుక్కుంది. ఉలి మీద పట్టు కుదరక బావ నెలల తరబడి అవస్థపడుతుంటే, దుంగ కదలకుండా అక్క పట్టుకుని కూర్చునేది. నేను వెళ్ళినప్పుడు ఒక్కటే మాటంది.

"ఒరే తమ్ముడూ, మీకు ఆట పోతే ఇంకో యేడొస్తాది. మీ బావకి సెయ్యి పోతే ఏటుంటాది?"

నాలుగో ఏడు గోలులో నన్ను నిలబెట్టారు; తిరిగి అడుగుకు చేరాము. సాయంత్రాలు బావ గ్రౌండు గట్టున కూర్చునేవాడు. ఆఖరి ఆట మా ఊళ్ళోనే. గెలిచినా మా స్థానం మారదు. అయినా ఆ రోజు, బావ చేతులకేమవుతుందోనన్న భయంతో ఎన్నడూ గ్రౌండు మొహం చూడని అక్క బావ వెనకే వచ్చి, ఉతికి మడతపెట్టిన జెర్సీ ఆయన చేతిలో పెట్టింది.

"ఆడు. సెక్క ముందర కూకున్నా నీ మనసిక్కడే ఉన్నాది."

మరి వేలో, అన్నాడు బావ.

"దుంగ నానట్టుకుంటాను కదేటి," అంది అక్క.

ఆ పూటా ఓడిపోయాము. కానీ వంకర వేలితోనే ఒక బంతిని గుండెకు హత్తుకుని లేచిన బావను చూసి, అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. మేము ఫస్టు వచ్చిన ఏడు ఒకటుండి ఉంటే, దాన్నైనా ఇంతగా గుర్తుపెట్టుకునేవాణ్ణా అని నాకు అనుమానమే.

ఇద్దరూ ఇప్పుడు లేరు. ఈనాటి గోల్‌కీపర్ల చేతులకు మెత్తటి తొడుగులుంటున్నాయి. మా ఈడువాళ్ళవి వట్టి చేతులే. ఆ తొడుగులు మా రోజుల్లోనే దొరికి ఉంటే, అక్క మొదటి ఏడు నుంచీ నిశ్చింతగా ఆ గట్టున కూర్చునేది కదా అనిపిస్తుంది.