హేమావతి పీకించుకున్న పైపన్ను

హేమావతి పద్దెనిమిదేళ్లుగా ఊళ్లో ఆశా కార్యకర్త. నెలలు నిండినవాళ్లను కాన్పుకు తీసుకుపోవడం, పసిబిడ్డలకు సూదులు వేయించడం, బీపీ మాత్రలు మానేసిన ముసలివాళ్లను నాలుగు తిట్టి మింగించడం ఆమె పని. ఇంతమందిని ఆస్పత్రి మెట్లెక్కించిన మనిషి తన పుచ్చుపన్నును మాత్రం మూడేళ్లుగా లవంగంతో నెట్టుకొచ్చింది. ఊరి ఆరోగ్యం మోసే ఆడవాళ్లకు తమ నొప్పి చూసుకోవడానికి ఒక పూట సెలవిచ్చేవాళ్లు ఎవరున్నారు?

చివరికి ఆమెను పళ్ల డాక్టరు కుర్చీ ఎక్కించింది మారెప్ప. అరవై దాటిన గొర్రెల కాపరి. పైదవడలో పన్ను చెడి చెంప బూరెలా పొంగితే, హేమావతే అతణ్ణి టౌనులో సర్కారు ఆస్పత్రికి లాక్కుపోయింది. డాక్టరు ఐదు రోజులకు మాత్రలిచ్చాడు. వాపు తగ్గాక పన్ను తీసెయ్యాలి, వదిలేస్తే మళ్లీ చీము పట్టి ప్రాణం మీదికి వస్తుందన్నాడు. వాపు తగ్గింది. మారెప్ప మాత్రం రానంటే రానని మొండికేశాడు.

"పైపన్ను పెరికితే కన్ను పోతాదిమ్మే. నాకు చదువుందా, సేద్యముందా? ఉండేటివి రెండు కండ్లు. మిట్ట మీద జీవాలు చెదిరితే యాడుండాయో కనుక్కునేది వాటితోనే. అవి పోతే నన్నెవరు పనికి పెట్టుకుంటారు?"

"కంటికీ పంటికీ ఏం సంబంధం చిన్నాయనా?"

"నీకేం తెలుసు? నువ్వేమన్నా పెరికించుకున్యావా?"

ఆ మాట ఆమెకు సూటిగా తగిలింది. ఆమెదీ పైపన్నే, కుడివైపుది.

"సరే, ముందు నాది పెరికించుకుంటా. నువ్వు పక్కనే నిలబడి చూడు. నా కన్ను పోతే నీ దావన నువ్వు ఇంటికి పో. కన్ను పోకపోతే నువ్వూ కుర్చీ ఎక్కాల."

"ఎక్కుతా పో. నాకేం భయమా?"

మర్నాడు పొద్దున్నే ఆటోలో టౌను ఆస్పత్రికి పోయారు. పళ్ల డాక్టరు ప్రణీత్ చిన్నవాడు. బీపీ, షుగరు ఉన్నాయా, రక్తం పలచబడే మాత్రలేమైనా వాడుతున్నారా అని అడిగి, "పొద్దున ఏం తిన్నారమ్మా?" అన్నాడు.

"ఏమీ తిన్లే సార్. రాత్రి నుంచి నీళ్లు గూడా ముట్టలే," అంది హేమావతి గొప్పగా. పిల్లలు పుట్టకుండా ఆపరేషనుకు ఎంతమందిని ఆమె అలా పరగడుపున తీసుకురాలేదు!

"అయ్యో, దీనికి తిని రావాలమ్మా. మిమ్మల్ని నిద్రపుచ్చం కదా, చిగుళ్ల వరకే మత్తిస్తాం. ఖాళీ కడుపుతో కూర్చుంటే కళ్లు చీకట్లు కమ్ముతాయి."

మారెప్ప అప్పటికే తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు. "వింటివా? కండ్లు పోతాయని డాక్టరే చెప్పె!"

ఇంకొకరైతే ఏదో ఒకటి చెప్పి కప్పిపుచ్చుకునేవారే. హేమావతి అతని చెయ్యి పట్టుకుని, వరసలో ఉన్నవాళ్లందరి ముందూ, "ఆగు చిన్నాయనా. తప్పు నాది. నాకు తెల్దు. తెలీనప్పుడు అడగాల, నేను అడగలే," అంది.

ఎదురుగా ఉన్న హోటల్లో ఇద్దరూ బొరుగుల ఉగ్గాని తిన్నారు. మారెప్ప ఆమెను వింతగా చూస్తూ తిన్నాడు. తప్పు నాదని ఒప్పుకున్న ఆస్పత్రి మనిషిని అతను చూడటం అదే మొదలు.

మన సర్కారు ఆస్పత్రుల్లో పేదవాడు చేతులు కట్టుకుని నిలబడతాడు. నోరు తెరువంటే తెరుస్తాడు, పో అంటే పోతాడు. తన ఒంట్లో ఏం జరుగుతుందో అడిగే హక్కు తనకుందని అతనికి ఎవరూ చెప్పరు. ఈసారి కుర్చీలో కూర్చున్న హేమావతి వెంటనే నోరు తెరిచి పన్ను చూపించలేదు. "సార్, ఏమేం చేస్తారో మొదట్నుంచీ చెప్పండి. గట్టిగా చెప్పండి, మా చిన్నాయనకూ ఇనపడాల."

డాక్టరు బయట వరసను చూశాడు. చాలామందే ఉన్నారు. అయినా చేతిలోది పక్కన పెట్టి చెప్పాడు. సూది గుచ్చినప్పుడు చురుక్కుమంటుంది. పది నిమిషాల్లో చెంప మొద్దుబారుతుంది. పన్ను కదిలించేటప్పుడు ఒత్తిడి, చప్పుడు తెలుస్తాయి. నొప్పి తెలిస్తే చెయ్యెత్తాలి, ఆపి ఇంకాస్త మత్తిస్తాడు.

"మరి కన్ను?"

"కంటి చూపు నరం వేరు, పంటి నరం వేరమ్మా. పన్ను తీస్తే కంటికేం కాదు. తీయకుండా వదిలేసి చీము పైకి పాకితేనే కంటికి ముప్పు."

అంతా చెప్పినట్టే జరిగింది. ఎండిన నేలలోంచి మేకు ఊడబెరుకుతున్నట్టు దవడంతా కిర్రుమంది. హేమావతి కళ్లు మూసుకోలేదు. మారెప్ప చూస్తున్నాడని తెలుసు. రెప్పలు దించితే అతను చెప్పే మాటకు ఊరంతా భయపడుతుందని కూడా తెలుసు. చెయ్యి మాత్రం ఎత్తాల్సిన అవసరం రాలేదు. గుంటలో దూది పెట్టి డాక్టరు జాగ్రత్తలు చెప్పాడు. అరగంటకు పైగా గట్టిగా కొరికి పట్టాలి. ఈ పూటంతా ఉమ్మకూడదు, పుక్కిలించకూడదు, ఉమ్మితే గడ్డకట్టిన రక్తం ఊడిపోతుంది. వేడివి వద్దు, వక్కాకు, పొగాకు అసలే వద్దు. రేపటి నుంచి గోరువెచ్చని ఉప్పునీళ్లు. రక్తం ఆగకపోయినా, జ్వరమొచ్చినా వెంటనే రావాలి.

మారెప్ప మాటలకు పడే రకం కాదు. ఆమెను వరండాలోకి తీసుకుపోయి, "ఎడమ కన్ను మూయి. ఆ గుట్ట మీద గాలిమరలు ఎన్నుండాయో చెప్పు," అన్నాడు.

నోట్లో దూదితో ఆమె రెండు చేతుల వేళ్లూ చాపి, మళ్లీ నాలుగు వేళ్లు చూపింది.

"తప్పు! పదమూడే. పొద్దన్నుంచీ ఎంచుతాండా."

ఆమె తల అడ్డంగా ఊపి గుట్ట చివరకు వేలు చూపించింది. మారెప్ప చెయ్యి అడ్డం పెట్టుకుని చాలాసేపు చూశాడు.

"ఔనే... ఆ బండ ఎనకాల రెక్క తిరుగుతాండాది." ఆమె వైపు తిరిగాడు. "పన్ను పెరికితే చూపు పదునెక్కిందేమే నీకు!"

వరసలో అందరూ నవ్వారు. ఆ నవ్వుల మధ్యనే అతను లోపలికి పోయి కుర్చీ ఎక్కాడు. డాక్టరు సూది ఎత్తగానే చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఆగప్పా డాక్టరూ. ఇంతసేపూ చెప్పింది ఆమె పంటి కత. నాది నాకు చెప్పు."

ప్రణీత్ స్టూలు లాక్కుని మొదట్నుంచీ అందుకున్నాడు. బయటివాళ్లు ఒక్కొక్కరే వినడానికి గుమ్మం దగ్గరికి జరిగారు. హేమావతి దూది కొరికి పట్టి, తల నిటారుగా నిలబెట్టి వాళ్లకు దారిచ్చింది.