ఒళ్లు కడిగితేనే ప్రార్థన

తొంభై ఎనిమిది ఎండాకాలం. మాదాపూర్ రాళ్లగుట్టలు పేల్చి అద్దాల మేడలు లేపుతున్న రోజులు. మా ఆయన పోయాక గుడివాడ నుంచి వచ్చి, అలాంటి ఒక మేడ గేటు ఎదురుగా టార్పాలిన్ కింద టీ కొట్టు పెట్టుకున్నాను. ఈ భ్రమరాంబ నోరు మంచిది కాదని అందరూ అనేవారు. టీ మంచిది కాబట్టి సర్దుకుపోయేవారు.

కొమురమ్మ పాలమూరు మనిషి. స్లాబు వేసే చోట కాంక్రీటు తట్టలు మోసేది. ఖాజాగూడ చెరువు దగ్గర రేకుల షెడ్డులో నడిచే చర్చిలో బాప్తిస్మం పుచ్చుకుంది. దేవుని ఆత్మ మన లోపలే కాపురముంటుందని, మన ఒళ్లే ఆయన గుడి అని పాస్టరు చెప్పాడట. కాళ్లు కడుక్కోకుండా ఏనాడూ గుడి మెట్టెక్కని మనిషికి అది ఎలా అర్థం కావాలో అలాగే అర్థమైంది. ఒళ్లు మురికైతే ఆయన ఉండడని తేల్చేసుకుంది. నడుము విరిగేలా చాకిరీ చేసి వచ్చినా, నాలుగు చెంబులు పోసుకున్నాకే ప్రార్థనకు కూర్చునేది.

"మా ఊరి పూజారికి కూడా ఇంత మడి లేదే తల్లీ!" అని ఎకసెక్కం చేసేదాన్ని. నవ్వి ఊరుకునేది.

ఆ ఏడు బోర్లు ఎండిపోయాయి. ట్యాంకరు నీళ్లు స్లాబు తడపడానికే సరిపోయేవి. కూలీల గుడిసెలకు తాగడానికి బిందెడు దొరికితే గొప్ప. కొమురమ్మకు స్నానం లేదు. స్నానం లేదు కాబట్టి ప్రార్థనా లేదు. ఆదివారాలు కూడా పనే. వచ్చి కొట్టు ముందు చతికిలబడేది, టీ ఇచ్చినా ముట్టేది కాదు.

"ఏమైందే నీకు?" అని ఒకరోజు కసిరాను.

"లోపల ఎవ్వరు లేనట్టుందమ్మా. ఇంత గలీజుల ఆయన మాత్రం ఎట్లుంటడు? పోయిండేమో. ఒక్కదాన్నే మోస్తున్నట్టున్నది."

ఒంటరి చాకిరీ ఎలా ఉంటుందో నాకు ఒకరు చెప్పక్కర్లేదు.

మర్నాడు మధ్యాహ్నం సాయమ్మ కూలబడిపోయింది. కొమురమ్మ పక్క గుడిసె పిల్ల, ఏడో నెల, అయినా తట్ట మోస్తూనే ఉంది. నొప్పులు ముందే వచ్చేశాయి. నలుగురు పట్టుకుని నా కొట్టు నీడలో పడుకోబెట్టారు. ఆమె మొగుడు ఆటో కోసం పరిగెత్తాడు.

సాయమ్మ భయంతో కొమురమ్మ కొంగు పట్టుకుంది. "అక్కా, బుగులైతుంది. నీ దేవునికి జర చెప్పక్కా."

కొమురమ్మ తన చేతులు చూసుకుంది. మోచేతుల దాకా సిమెంటు.

"తానం చెయ్యలే బిడ్డా," అని నా వైపు తిరిగింది. "అమ్మా, ఒక్క బకెట్ నీళ్లియ్యి. నీ కాళ్లు మొక్కుత."

ఇంతలో ఆటో వచ్చేసింది. నాకు ఒళ్లు మండింది.

"నీ తెలివి తెల్లారినట్టే ఉంది! లోపలున్నాడంటివి కదే. పొద్దుటి నుంచి ఆ తట్టలు నువ్వొక్కదానివే మోశావా, ఆయనా మోశాడా? నీకంటిన సిమెంటు ఆయనకు అంటలేదా? ఎక్కు ముందు!"

ఏం తెలిసి అన్నానో నాకే తెలియదు. భక్తితో అన్న మాట కాదది, విసుగుతో అన్నది. కొమురమ్మ ఒక్క క్షణం నన్నే చూసింది. తర్వాత ఆటో ఎక్కి సాయమ్మ తల ఒళ్లో పెట్టుకుంది.

మర్నాడు సాయంత్రం వచ్చింది, నిద్రలేని కళ్లతో. తల్లి దక్కింది. బిడ్డ దక్కలేదు.

"మరి నీ ప్రార్థన ఏమైంది?" అనేశాను. పాడు నోరు, ఆగదు కదా.

"మాటలే రాలేదమ్మా. దవాఖాన దాంక ఏడ్సుకుంటనే పోయిన." కొంగుతో కళ్లు తుడుచుకుంది. "లోపల్నించి ఆయన గూడ ఏడ్సిండు. ఎటూ పోలేదమ్మా. గిన్ని దినాలు ఈడ్నే ఉన్నడు."

టీ ఇచ్చాను. గ్లాసు ముందు పెట్టుకుని కొంగు తల మీదికి లాక్కుంది. గోళ్లలో సిమెంటు అలాగే ఉంది. ఆ చేతులే జోడించి కళ్లు మూసుకుంది. సాయమ్మ పేరు వినబడింది. తర్వాత నా పేరు వినబడింది.

టీ చల్లారిపోతోంది. గ్లాసు మీద మూత పెట్టాను.